సన్నసెగ మీద పెద్దకూర – బీరుతోనా, బీరు లేకుండానా?

వంటింట్లో ఓపిక ఎక్కువ కావాల్సిన కూర ఏది అని అడిగితే మీరేమంటారు? గుత్తొంకాయా? పులుసా? మందమర్రిలోనో, గోదావరిఖనిలోనో ఆదివారం పొద్దున పెద్దకూర తెచ్చుకునే ఇల్లాలిని అడిగి చూడండి. "ఇంకేముందమ్మా, పెద్దకూరే! ఎంత ఉడికించినా పండ్ల సందున ఇరుక్కుంటది" అంటుంది. నిజమే. మేక మాంసంలా ముప్పావు గంటలో దిగే కూర కాదిది. కుక్కర్లో పెట్టి, కూతలు లెక్కపెట్టి, మూత తీసి, ముక్క నొక్కి చూసి, మళ్ళీ మూత పెట్టి... చివరికి విసుగొచ్చి "అయిందిలే" అని దించేస్తాం. ఇంటాయన దవడలు నొప్పి పుట్టేలా నములుతాడు, పిల్లలు ముక్కలు పక్కకు నెట్టి చారు మాత్రం జుర్రుకుంటారు.

మరి ఆ గట్టి ముక్కే వేలితో తాకితే విడిపోయేలా, వెన్నలా ఎలా అవుతుంది? దీనికి ఖరీదైన మసాలా ఏమీ అక్కర్లేదు. కావాల్సింది సన్నటి సెగ, మూడు గంటల టైము. అంతే! విదేశాల్లో ఇలాంటి కూరకి నీళ్ళకు బదులు బీరు పోసి వండుతారు. "అయ్యో, బీరా!" అని నోటిమీద చెయ్యి పెట్టుకోకండి. బీరు ఎందుకు పోస్తారో, మనింట్లో పొయ్యాలో వద్దో, పొయ్యకుండా అదే రుచి ఎలా తేవాలో అన్నీ వరసగా చెప్పుకుందాం. పెద్దకూర ముట్టని ఇళ్ళవాళ్ళు కూడా పేజీ తిప్పెయ్యకండి. ముదురు గొర్రె మాంసానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

బొగ్గు ఊళ్ళ వంట

ఈ వంటకానికీ మన బొగ్గు బెల్టుకీ ఓ చుట్టరికం ఉంది, తెలుసా? బెల్జియంలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఉత్తర ఫ్రాన్సులోనూ గొడ్డుమాంసం, బోలెడన్ని ఉల్లిపాయలు, బీరు కలిపి గంటల తరబడి ఉడికిస్తారు. ఫ్రెంచివాళ్ళు దాన్ని 'కార్బొనాడ్' అంటారు. లాటిన్‌లో బొగ్గుకి 'కార్బో' అని పేరు. మొదట్లో నిప్పుల మీద కాల్చిన మాంసాన్ని అలా పిలిచేవారు. తర్వాత వండే తీరు మారి పులుసైంది గానీ పేరులో బొగ్గు అలాగే ఉండిపోయింది!

ఆ ప్రాంతాలు కూడా మనలాగే బొగ్గు గనుల మీద బతికినవే. ఉత్తర ఫ్రాన్సు గనుల్లో చివరిది 1990లో, బెల్జియంలో చివరిది 1992లో మూతపడ్డాయి. గనులు పోయినా వంట పోలేదు. అక్కడ ఇప్పటికీ ఆ కూర వండుకుంటూనే ఉన్నారు.

మన వైపు కథ చూడండి. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అని పేరొచ్చింది. తర్వాత తర్వాత గోదావరికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా బాయిలు పడ్డాయి. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉన్న మన మందమర్రి అలా పెరిగిన ఊరే. ఊళ్ళ నుంచి, పక్క జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి కూడా బాయి పనికి జనం వచ్చారు. ఎవరి కూర వాళ్ళు, ఎవరి కారం వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. ముస్లిం ఇళ్ళ నిహారీ, క్రైస్తవుల ఇళ్ళ క్రిస్మస్ కూర, దళితవాడల్లో తాతల నాటి పెద్దకూర, ఎండబెట్టి దాచుకునే తునకలు... అన్నీ ఒకే కాలనీలో పక్కపక్క పొయ్యిల మీద ఉడికాయి.

గ్యాసు రాక ముందు క్వార్టర్ల ముందు బొగ్గు పొయ్యిలుండేవి. పొద్దున రాజుకోవడానికి ఎంత సతాయించేవో, ఒకసారి ఎర్రగా అయ్యాక అంత నిదానంగా గంటల కొద్దీ వేడినిచ్చేవి. అన్నం, పప్పు అయ్యాక ఆ చివరి నిప్పుల మీద కూర కుండ పెట్టి వదిలేస్తే దానంతటది ఉడికేది. సన్నసెగ వంట మనకి కొత్తదేం కాదన్నమాట. గ్యాసు, కుక్కరు వచ్చాక తొందర అలవాటై మరిచిపోయాం. అంతే.

ముక్క ఎందుకు గట్టిపడుతుంది? ఎందుకు మెత్తబడుతుంది?

పశువు ఏ కండతో ఎక్కువ పని చేస్తుందో ఆ కండ గట్టిగా ఉంటుంది. కాళ్ళు, మెడ, రొమ్ము భాగాలు అలాంటివి. ఆ కండల మధ్య తెల్లగా, సాగే పొరలుంటాయి. వాటిలో ఉండే పదార్థం పేరు కొలాజెన్. మెత్తగా ఉడకనివ్వకుండా సతాయించేది ఇదే.

కూర పొయ్యి మీద పెట్టిన కొత్తలో ముక్క లోపల వేడి 60 డిగ్రీలు దాటగానే కండ ముడుచుకుని లోపలి నీరంతా కక్కేస్తుంది. అందుకే అరగంటకి నొక్కి చూస్తే రబ్బరులా ఉంటుంది. "ఉడికే కొద్దీ గట్టిపడుతోందేమిటి?" అని మీరు అనుకునేది అప్పుడే. చాలామంది అక్కడే మంట పెంచేస్తారు. కానీ 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంటే ఆ తెల్లటి పొరలు నెమ్మదిగా కరిగి జిగురుగా మారతాయి. పాయా చారు చల్లారితే పెదవులు అంటుకుంటాయి చూడండి, అదే జిగురు. ముక్కని మెత్తగా, చారుని చిక్కగా చేసేది అదే.

మంట పెంచి కుతకుతమని మరిగిస్తే ఏమవుతుంది? పొరలు కరిగే లోపే కండ ఎండిపోయి పీచు పీచు అవుతుంది. అంచుల దగ్గర ఒకటీ అరా బుడగలు మాత్రం లేస్తుంటే అది సరైన సెగ. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మిగతా అంతా సులువే.

పచ్చి బొప్పాయి సంగతి అడుగుతారేమో. బొప్పాయి ముద్ద పట్టిస్తే ముక్క పైపైన మెత్తబడుతుంది, లోపలికి అంతగా దిగదు. ఎక్కువ వేస్తే పైభాగం పిండిలా అయిపోతుంది. కబాబులకి మంచిదే గానీ, మూడు గంటలు ఉడికే ఈ కూరకి అవసరం లేదు.

బీరు చేసే పనేమిటి?

బీరు తయారయ్యేది మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించిన బార్లీ గింజల నుంచి. కాబట్టి దాంట్లో వేపుడు వాసన, కాస్త తీపి, కాస్త పులుపు ఉంటాయి. 'హాప్స్' అనే పువ్వులు వేస్తారు గనక చేదు కూడా ఉంటుంది. మాంసంలో పోస్తే ఆ వేపుడు రుచి చారులోకి దిగుతుంది. అంతేగానీ బీరు పోసినందువల్లనే ముక్క మెత్తబడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మెత్తబరిచేది సెగ, టైము. బీరు ఇచ్చేది రుచి మాత్రమే.

బెల్జియంవాళ్ళు వాడేది ముదురు రంగు బీరు, చేదు తక్కువ. ఐర్లండువాళ్ళు నల్లటి స్టౌట్ బీరు పోస్తారు. మన దగ్గర దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పచ్చగా తేలిగ్గా ఉండే లాగర్ రకం. అది మరిగి ఇగిరే కొద్దీ చేదు ముదురుతుంది. అందుకే మన బీరుతో చేసేటప్పుడు సీసా అంతా గుమ్మరించకూడదు. కిలో మాంసానికి పావు లీటరు చాలు. చేదుని సర్దడానికి ఉల్లిపాయ ఎక్కువ వెయ్యాలి, చెంచా బెల్లం కలపాలి. సీసా మీద 'స్ట్రాంగ్' అని ఉన్నది అసలే వద్దు.

అసలు ప్రశ్న

ఇక్కడ ఆగి ఓ మాట మాట్లాడుకోవాలి. పెద్ద సీసాలో 650 మిల్లీలీటర్ల బీరుంటుంది. కూరలోకి పోయేది 250. మిగతా 400 ఎవరి గ్లాసులోకి వెళుతుంది? పుస్తకాల్లో వంటలు రాసేవాళ్ళు ఈ లెక్క చెప్పరు. ఇల్లు నడిపే మనం మాత్రం ముందు ఇదే చూసుకోవాలి.

సారా వద్దని కొంగు బిగించి రోడ్డెక్కిన ఆడవాళ్ళ గడ్డ మనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆ ఉద్యమం వల్ల 1993 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో సారా ఆగింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. తాగుడు ఏ ఇంటిని ఏం చేస్తుందో బొగ్గు కాలనీల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి మీ ఇంటి సంగతి మీరే బేరీజు వేసుకోండి.

ఇంట్లో ఎవరైనా తాగుడు మానే ప్రయత్నంలో ఉంటే ఈ కూరలో బీరు చుక్క కూడా వద్దు. ఆ వాసన, ఆ సీసా చాలు మనసు లాగడానికి. అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. మద్యం మాన్పించడానికి డాక్టర్లు డైసల్ఫిరామ్ అనే మాత్రలు ఇస్తుంటారు. అవి వేసుకునే మనిషి కడుపులోకి కొద్దిపాటి మద్యం వెళ్ళినా ముఖం ఎర్రబడడం, గుండె దడ, వాంతులు మొదలై ప్రాణం మీదికి రావచ్చు. కూరలో కలిసింది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

"మరిగిస్తే మద్యమంతా ఆవిరైపోతుంది కదండీ?" అంటారు చాలామంది. పూర్తిగా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం కలిపి ఉడికించిన వంటలో అరగంటకి 35 శాతం, గంటకి 25 శాతం, రెండు గంటలకి 10 శాతం, రెండున్నర గంటలకి 5 శాతం మిగులుతుంది. అంటే మూడు గంటలు ఉడికిన కూరలో మిగిలేది బహు తక్కువ. తొందరగా దించిన కూరలో మాత్రం బాగానే ఉంటుంది. అందుకని చిన్నపిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినే కూరైతే బీరు లేని పద్ధతే మంచిది. ముస్లిం చుట్టాలొస్తే వేరే చెప్పాలా!

ఇవేవీ అడ్డం లేని ఇల్లయితే చిన్న సీసా తెప్పించండి, 330 మిల్లీలీటర్లది. మిగిలిన కాస్తా తలస్నానం చివర జుట్టుకి పట్టించి కడిగేసుకోండి. జుట్టు మెరుస్తుందని మన పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు!

దుకాణంలో ఏం అడగాలి?

చాలామంది "మెత్తటి కూర కొట్టు భాయ్" అంటారు. ఈ వంటకి అలా అడగొద్దు. తొడ కండ (రాన్) ఒక్కటే తీసుకుంటే మూడు గంటల్లో పీచైపోతుంది. కాలి కండ, మెడ (గర్దన్), రొమ్ము (సీనా) కలిపి కొట్టించుకోండి. తెల్లటి పొరలు కనపడాలి. రెండు మూలుగ బొక్కలు (నల్లీ) వేయించుకుంటే చారు రుచే వేరు. ముక్కలు పెద్దవిగా, రెండు అంగుళాలుండాలి. చిన్నవైతే కరిగి మాయమైపోతాయి. ధర కూడా మేక మాంసంతో పోలిస్తే చాలా తక్కువ.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1977 నాటి చట్టం ప్రకారం మన దగ్గర ఆవులను, దూడలను కోయడం నిషేధం. పనికి, పాడికి, సంతతికి పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇచ్చిన ఎద్దులు, బర్రెలు, దున్నల్నే కోయాలి. కాబట్టి దొరికేది ఎక్కువగా బర్రె, దున్న మాంసమే. దీని రంగు ముదురు, కొవ్వు తక్కువ. అందుకే త్వరగా ఎండిపోతుంది, నూనె కాస్త ధారాళంగా వెయ్యాలి. తెలిసిన దుకాణంలో, పొద్దున్నే కోసింది, ఈగలు వాలకుండా కప్పి ఉంచింది తీసుకోండి.

కావలసిన పదార్థాలు (ఆరుగురికి)

పెద్దకూర – 1 కిలో, మూలుగ బొక్కలు – 2
ఉల్లిగడ్డలు – ముప్పావు కిలో
వెల్లుల్లి రెబ్బలు – 10, అల్లం – చిన్న ముక్క
నూనె – 5 పెద్ద చెంచాలు
బీరు – పావు లీటరు (లేదా కింద చెప్పిన బార్లీ నీళ్ళు)
వేడినీళ్ళు – అర లీటరు, అవసరమైతే ఇంకాస్త
గోధుమపిండి – 1 పెద్ద చెంచా
బెల్లం – 1 పెద్ద చెంచా, వెనిగర్ – 2 చిన్న చెంచాలు
కారం – ఒకటిన్నర చిన్న చెంచా, ధనియాల పొడి – 2 చిన్న చెంచాలు, పసుపు – అర చెంచా
మిరియాలు – 10, లవంగాలు – 4, దాల్చిన చెక్క – అంగుళం, బిర్యానీ ఆకు – 2
ఆవాలు – 2 చిన్న చెంచాలు, బ్రెడ్డు ముక్కలు – 2
ఆలుగడ్డలు – 3 (ఇష్టమైతే)
ఉప్పు – తగినంత

తయారు చేసే విధానం

ముందుగా ఆవాలు అరగంట నానబెట్టి, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు, చెంచా వెనిగర్ వేసి మెత్తగా నూరి పక్కన పెట్టుకోండి. ఆవపెట్టిన కూరలు మనకి అలవాటే కదా, ఆ ముద్దే ఇది.

మాంసం కడిగి చిల్లుల గిన్నెలో వేసి నీరంతా ఓడ్చండి. శుభ్రమైన గుడ్డతో అద్దండి. తడి ముక్క నూనెలో వేగదు, ఉడుకుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడు చెంచాల నూనె బాగా కాగనిచ్చి, ముక్కలు నాలుగైదు చొప్పున వేసి అన్నివైపులా ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి తీయండి. అంతా ఒకేసారి గుమ్మరిస్తే నీరు ఊరిపోతుంది. దీనికో పావుగంట పడుతుంది, విసుక్కోకండి. సగం రుచి ఇక్కడే పుడుతుంది.

అదే గిన్నెలో మిగతా నూనె వేసి, సన్నగా పొడుగ్గా తరిగిన ఉల్లిగడ్డలు, చిటికెడు ఉప్పు వేసి మంట తగ్గించండి. పాతిక, ముప్పై నిమిషాలు నిదానంగా వేగనివ్వండి. కరకరలాడే బగారా ఉల్లిపాయల్లా కాదు, మెత్తగా జారుతూ బెల్లం రంగులోకి రావాలి. అప్పుడు దంచిన అల్లం వెల్లుల్లి వేసి పచ్చివాసన పోగానే పసుపు, కారం, ధనియాల పొడి, గోధుమపిండి చల్లి రెండు నిమిషాలు తిప్పండి.

ఇప్పుడు బీరు. మంట తగ్గించి కొద్దికొద్దిగా పొయ్యండి, బుస్సుమని నురగ పొంగుతుంది. అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి కలపండి. మూత లేకుండా పది నిమిషాలు మరగనివ్వండి. ముక్కుకి కొట్టే ఘాటు పోతుంది.

మాంసం, బొక్కలు, దినుసులు, బెల్లం, మిగిలిన చెంచా వెనిగర్, ఉప్పు వేసి, ముక్కలు మునిగీ మునగనట్టు వేడినీళ్ళు పొయ్యండి. ఒక పొంగు రాగానే చిన్న బర్నర్ మీదికి మార్చి, సిమ్‌లో పెట్టి మూత వెయ్యండి. మూత సందులోంచి ఆవిరి కొద్దిగా పోతూ ఉండాలి. ఇక మీ పని మీరు చూసుకోండి. అరగంటకోసారి వచ్చి అడుగంటకుండా కలిపి, ఇగిరిపోతే కాసిని వేడినీళ్ళు పొయ్యండి. చన్నీళ్ళు మాత్రం వద్దు.

రెండున్నర గంటలయ్యాక ఆలుగడ్డ ముక్కలు వెయ్యండి. బ్రెడ్డు ముక్కలకి ఆవముద్ద దట్టంగా రాసి, రాసిన వైపు కిందికి వచ్చేలా కూర మీద పరచండి. మరో అరగంటకి బ్రెడ్డు కరిగి చారులో కలిసిపోతుంది. చారు చిక్కబడి, ముదురు రంగులో నిగనిగలాడుతుంది. ముక్కని చెంచా అంచుతో నొక్కితే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకో పావుగంట. ముదురు పశువు మాంసమైతే మూడున్నర గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు.

కుక్కర్లో వండేవారికి

గ్యాసు అయిపోతుందని బెంగ ఉంటే కుక్కరే వాడుకోండి. కానీ రెండు జాగ్రత్తలు. బీరు నురగ కుక్కరు రంధ్రాన్ని మూసెయ్యగలదు. పైగా మూత బిగించాక మద్యం బయటికి పోయే దారి తక్కువ. అందుకని బీరుని మూత లేకుండా పావుగంట బాగా మరిగించాకే మాంసం వేసి మూత పెట్టండి. కుక్కరు సగానికి మించి నింపకండి. మొదటి కూత రాగానే మంట పూర్తిగా తగ్గించి నలభై, నలభై అయిదు నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతటది దిగాక మూత తీసి, ఆలుగడ్డలు, ఆవముద్ద రాసిన బ్రెడ్డు వేసి మరో అరగంట మూత లేకుండా సన్నసెగ మీద ఇగరనివ్వండి. గిన్నెలో వండినంత కాకపోయినా దాదాపు ఆ రుచి వస్తుంది. పిల్లలూ గర్భిణులూ తినేదైతే మాత్రం కుక్కర్లో బీరు వద్దు.

బీరు లేకుండా అదే రుచి

కిరాణా కొట్లో బార్లీ గింజలు దొరుకుతాయి. నాలుగు చెంచాల గింజలు నూనె లేకుండా ముదురు కాఫీరంగు వచ్చేదాకా, మాడకుండా వేయించండి. అర లీటరు నీళ్ళు పోసి పావు లీటరు అయ్యేదాకా మరిగించి వడకట్టండి. చెంచా నల్లబెల్లం, చెంచా వెనిగర్ కలపండి. బీరు పుట్టేది కూడా బార్లీ నుంచే కదా! వేపుడు వాసన, తీపి, పులుపు మూడూ ఇందులో వచ్చేస్తాయి. బీరు పొయ్యమన్న చోట ఇది పొయ్యండి. కూరలో వేసే బెల్లం సగానికి తగ్గించుకోండి. వెనిగర్ లేకపోతే కాస్త చింతపండు రసం. తిన్నవాళ్ళు తేడా కనుక్కోవడం కష్టమే.

ముదురు గొర్రె మాంసంతో చేస్తే రెండు గంటలు చాలు. మిగతా పద్ధతి అంతా ఇదే.

దేంతో తినాలి? ఎప్పుడు వండాలి?

బెల్జియంవాళ్ళు వేయించిన ఆలుగడ్డలతో తింటారు. మనకి జొన్నరొట్టె ఉండగా అవెందుకు! వేడి జొన్నరొట్టె విరిచి ఈ చిక్కటి చారులో ముంచుకోండి. బగారా అన్నం కూడా బాగుంటుంది. పక్కన పచ్చి ఉల్లి, నిమ్మచెక్క తప్పనిసరి.

షిఫ్టుల ఇళ్ళకి ఇంత అనువైన కూర ఇంకోటి లేదు. ఒకరు బాయి నుంచి మధ్యాహ్నం వస్తారు, ఒకరు అర్ధరాత్రి వస్తారు. వేపుడైతే చల్లారి చెక్కలా అవుతుంది. ఇది మాత్రం మళ్ళీ వేడి చేసే కొద్దీ బాగుంటుంది. నిన్నటి కూర ఇవాళ ఇంకా రుచి! శనివారం సాయంత్రం తీరిగ్గా వండి పెట్టుకుంటే ప్లే డే నాడు మీకూ కాస్త విశ్రాంతి.

దాచేటప్పుడు మాత్రం జాగ్రత్త. మన ఎండలు తెలిసినవే కదా. వండిన కూర రెండు గంటలకి మించి బయట ఉంచకండి. వెడల్పు గిన్నెల్లో సర్ది త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో తినెయ్యండి. తినబోయే ముందు గోరువెచ్చగా కాదు, పొంగు వచ్చేదాకా కాచండి.

ఇప్పటికీ బొగ్గు పొయ్యి మీద వండుకునేవాళ్ళు ఆరుబయటే పెట్టుకోండి. చలికాలం వెచ్చగా ఉంటుందని నిప్పులున్న పొయ్యిని తలుపులేసిన గదిలోకి తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది. కూర ఉడికేది మూడు గంటలు కదా, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాం.

ఎవరికి మంచిది? ఎవరు తగ్గించాలి?

తెలంగాణలో సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఆడవారికి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవారికి 19 చాలు. చూశారా, మనకే ఎక్కువ కావాలి! పెద్దకూరలో ఇనుము ఉంది. ఆకుకూరల్లోని ఇనుము కంటే మాంసంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అయితే వంద గ్రాముల్లో ఉండేది రెండు మూడు మిల్లీగ్రాములే. కాబట్టి ఇదొక్కటే తింటే రక్తం పట్టేస్తుందనుకోకండి. పప్పు, ఆకుకూర, డాక్టరిచ్చిన మాత్రలు మామూలే. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. గంట ఆగండి. నిమ్మచెక్క పిండుకుంటే ఇంకా బాగా పడుతుంది.

యూరిక్ యాసిడ్ ఎక్కువై కాలి బొటనవేలు వాచే మగవాళ్ళుంటే జాగ్రత్త. ఎర్రమాంసం, బీరు రెండూ ఆ నొప్పిని పెంచేవే. కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరుని అడిగే తినాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళైనా రోజూ వద్దు. ఎర్రమాంసం ఎక్కువైతే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం హెచ్చరించింది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

చివరగా ఒక్క మాట

పెద్దకూర తిన్నామని చెప్పుకోవడానికి గొంతు తగ్గించే ఇళ్ళు మన కాలనీల్లో ఇంకా ఉన్నాయి. అద్దె ఇల్లు పోతుందేమోనని కిటికీలు మూసి వండే ఇల్లాళ్ళూ ఉన్నారు. ఎవరి తిండి వాళ్ళది. తినేవాళ్ళు సిగ్గుపడనక్కర్లేదు, తిననివాళ్ళు ముక్కు మూసుకోనక్కర్లేదు. పక్కింటివాళ్ళకి పడదని తెలిస్తే వాళ్ళ పండగ రోజు వండకపోవడం మన మర్యాద. మన వంట చూసి మొహం తిప్పుకోకపోవడం వాళ్ళ మర్యాద.

మరి మూడు గంటలు ఉడికించిన మీ పళ్ళెంలోకి ఏం వస్తోంది? బాయి నుంచి వచ్చిన మనిషికి మంచి ముక్కలు, ఎదిగే పిల్లలకి మూలుగ బొక్కలు, అత్తమామలకి మెత్తటివి, మనకేమో గిన్నె అడుగున చారు, రెండు ఆలుగడ్డలు! రోజుకి 29 మిల్లీగ్రాములు కావాల్సింది ఎవరికో ఇందాకే చెప్పుకున్నాం కదూ? ఈసారి కూర దించగానే ఎవరికీ వడ్డించక ముందే ఓ చిన్న గిన్నెలో నాలుగు మంచి ముక్కలు మీ కోసం తీసి మూత పెట్టుకోండి. ఎవరైనా అడిగితే "ఇది నాది" అని నవ్వుతూ చెప్పండి. అంత ఓపికగా వండినవారికి ఆ మాత్రం హక్కు లేదూ!